ఇంటి పన్ను... ఇంతెందుకు?

కరెంటు బిల్లుకు మీటరుంది. పాల లెక్కకు గోడ మీద క్యాలెండరుంది. మరి మునిసిపాలిటీ ఏటా పంపే ఇంటి పన్ను చీటీలో ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? ఎవరు వేస్తారు? ఎంతవరకు వేయొచ్చు? ఎవరికి వదిలేస్తారు? చీటీ చేతికొచ్చాక గొణుక్కోవడమే తప్ప, దాని వెనకున్న లెక్క అడిగేవాళ్లు తక్కువ.

పన్ను ఎక్కువైందని ఊరికి ఊరే ఖాళీ చేసి వెళ్లిపోయిన చరిత్ర మన తెలుగువాళ్లది. చీరాల, పేరాల... పక్కపక్కనే ఉన్న రెండు గ్రామాలు. నేతపనివాళ్లు, చిన్నకారు రైతులు ఎక్కువ. యూనియన్‌గా ఉన్నంతకాలం ఏడాదికి నాలుగు వేల రూపాయల పన్నుతో సరిపోయేది. 1919లో అప్పటి మద్రాసు ప్రభుత్వం రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నుల లెక్క నాలుగు వేల నుంచి నలభై వేలకు ఎగబాకింది! మాకు మునిసిపాలిటీ వద్దు మహాప్రభో అని జనం అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. సభ్యులు రాజీనామా చేస్తే, జీతమిచ్చి ఒక ఛైర్మన్‌ను కూర్చోబెట్టి పని నడిపించింది. పన్ను కట్టనివాళ్లలో కొందరిని జైలుకు పంపింది. అందులో ఒక మహిళ కూడా ఉన్నారు.

అప్పుడొచ్చారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921 ఏప్రిల్ మొదట్లో విజయవాడలో కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన చూపిన దారులు రెండు. శాంతియుతంగా పన్నులు కట్టకుండా ఉండడం... లేదంటే మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం. జనం రెండోది ఎంచుకున్నారు. సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామ్‌నగర్ అని పేరు. గోపాలకృష్ణయ్య కూడగట్టిన ‘రామదండు’ కాపలా కాసింది. మండుటెండలు, ఆ తర్వాత వానలు... దాదాపు పదకొండు నెలలు అలాగే గడిపారు. ఆయన్ను జైల్లో పెట్టాక, చేతిలో డబ్బులు అయిపోయాక, ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు పన్ను పెరిగిందని ఎవరూ ఊరు వదిలి వెళ్లరు. కౌన్సిల్ హాల్లో నల్ల కండువాలు, వాకౌట్లు, మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద ధర్నా... అంతటితో సరి. కానీ చీరాలవాళ్లు వేసిన ప్రశ్న పాతబడలేదు. మా ఊరి పన్ను ఎంతో తేల్చేది ఎవరు?

గీత గీసేది ఒకరు... లోపల ముగ్గు వేసేది ఒకరు

పేరుకు అది మునిసిపాలిటీ పన్ను. వసూలు చేసేది మునిసిపాలిటీ, ఖర్చు పెట్టేది మునిసిపాలిటీ. ఎంత వేయాలో మాత్రం పూర్తిగా దాని చేతుల్లో లేదు. భూములు, భవనాల మీద పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243-ఎక్స్ అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ అధికారాన్ని పురపాలికలకు అప్పగించవచ్చు. అంటే కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని రాష్ట్రం గీత గీస్తుంది. ఆ గీతల మధ్య ఎక్కడ ఆగాలో ఊరి కౌన్సిల్ తీర్మానం చేస్తుంది. కౌన్సిల్ లేని రోజుల్లో ఆ పని ప్రత్యేకాధికారిది.

ఈ మధ్యలో జరగాల్సిన తతంగం ఒకటుంది. మనలో చాలామందికి దాని సంగతే తెలియదు. కొత్త రేట్లు అనుకున్న వెంటనే అమలులోకి రావు. ముందు ముసాయిదా ప్రకటన ఇవ్వాలి. ఫలానా వీధి ఫలానా జోన్‌లో ఉంది, అక్కడ ఇంత రేటు అనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పండి అని ఊరందరికీ తెలపాలి. వచ్చిన అభ్యంతరాలు పరిశీలించాకే తుది ప్రకటన. కాగితం మీద ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. ఆ ముసాయిదా నోటీసు బోర్డులో నాలుగో కాగితం కింద ఉంటే, పత్రికలో చిన్న అక్షరాల్లో వస్తే చూసేదెవరు? అభ్యంతరాల గడువు నిశ్శబ్దంగా అయిపోతుంది. గొడవ మొదలయ్యేది డిమాండ్ నోటీసులు ఇంటికి వచ్చాక. అప్పటికి రేటు ఖరారైపోయి ఉంటుంది.

అద్దె లెక్క

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల పాటు నడిచింది అద్దె లెక్క. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి పన్నుకు ఆధారం ‘వార్షిక అద్దె విలువ’. అంటే ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చన్న అంచనా. సొంతింట్లో ఉండేవాళ్లకూ అదే లెక్క. ‘మేం అద్దెకు ఇవ్వలేదుగా’ అంటే కుదరదు.

ఊరిని జోన్లుగా విడగొడతారు. ఒక్కో జోన్‌లో ఆర్‌సీసీ స్లాబు ఇంటికి చదరపు మీటరుకు నెలకు ఇంత, పెంకుటింటికి ఇంత, రేకుల షెడ్డుకు ఇంత అని అద్దె కడతారు. ఉదాహరణకు వంద చదరపు మీటర్ల ఇల్లు, చదరపు మీటరుకు నెలకు పది రూపాయలు అనుకుందాం. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. యజమాని తానే కాపురం ఉంటే అందులో 40 శాతం తగ్గించేవారు. మిగిలిన 7,200 మీద కౌన్సిల్ ఖరారు చేసిన శాతం ప్రకారం పన్ను. ఆ శాతం 25 అనుకుంటే ఏడాదికి 1,800. అదే ఇంటిని అద్దెకిస్తే? ఇంటి వయసును బట్టి తరుగుదల ఒక్కటే దక్కుతుంది. పాతికేళ్ల లోపు ఇంటికి పది శాతం, నలభై ఏళ్ల వరకు ఇరవై, ఆపైన ముప్ఫై. ఇల్లు కొత్తదైతే పన్ను 2,700 అవుతుంది. ఒకే ఇల్లు, ఒకే వీధి... కాపురమున్నది ఎవరన్నదాన్ని బట్టి తొమ్మిది వందల తేడా.

హైదరాబాద్‌లో దీనికి మరో మెట్ల వరస ఉంది. నెల అద్దె విలువ 50 రూపాయల లోపైతే పన్ను లేదు. వంద వరకు 17 శాతం, రెండొందల వరకు 19, మూడొందల వరకు 22, ఆపైన ఎంతైనా 30 శాతం. ఇప్పటివాళ్లకు ఆ 50 రూపాయల అద్దె అంటే నవ్వొస్తుంది. అదే ఈ పద్ధతికి పట్టుకున్న జబ్బు కూడా! అయిదేళ్లకోసారి సవరించాలని నిబంధన ఉన్నా, ఇళ్ల విషయంలో చివరి సవరణ జరిగింది 2002లో. దుకాణాలు, ఆఫీసుల వంటి వాటికి 2007లో. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ దాని జోలికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ప్రత్యేకంగా చెప్పాలా... పన్ను పెంచి ఎన్నికలకు వెళ్లే సాహసం ఎవరికి ఉంటుంది!

ఫలితం విచిత్రంగా తయారైంది. 2002లో పొలాల గట్టున, వీధి దీపం కూడా లేని కాలనీ అప్పట్లో అడుగు జోన్. పదిహేనేళ్లు గడిచేసరికి దాని పక్కనుంచి బైపాస్ రోడ్డు పడింది. షోరూములు వచ్చాయి. గజం ధర పాత బజారును దాటిపోయింది. పన్ను జోన్ మాత్రం మారలేదు. పాత బజారులో ఇరుకు సందు ఇంటివాళ్లు ఎక్కువ, కొత్త కాలనీ మేడలవాళ్లు తక్కువ కట్టే పరిస్థితి. పన్ను పెంచకపోవడం పేదలకు మేలు అనుకుంటాం. ఇరవై ఏళ్లు పెంచకపోతే మేలు జరిగేది ఎక్కువగా ఆస్తి విలువ పెరిగినవాళ్లకే.

ఇది మన ఒక్కరి కథే కాదు. దేశమంతటా ఆస్తి పన్ను వసూళ్లు జీడీపీలో 0.2 శాతం దగ్గర్లోనే ఉన్నాయని, సంపన్న దేశాల్లో అది ఒక శాతం పైమాటేనని 15వ ఆర్థిక సంఘం లెక్క చెప్పింది. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలో బెంగళూరు, జైపూర్‌లను ఉపగ్రహ చిత్రాల సాయంతో పరిశీలించారు. రావాల్సినదాంట్లో ఆ నగరాలు రాబడుతున్నది అయిదు నుంచి ఇరవై శాతమేనని తేలింది.

ఢిల్లీ నుంచి వచ్చిన షరతు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ లెక్క మారడానికి అసలు కారణం ఏ కౌన్సిల్ హాల్లోనూ పుట్టలేదు. 2020లో కరోనాతో రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. మామూలు పరిమితి కంటే అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. కాకపోతే అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. వాటిలో ఒకటి పట్టణ సంస్కరణ. రిజిస్ట్రేషన్ల శాఖ భూముల విలువకు తగ్గట్టుగా ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలన్నది దాని సారాంశం. 2021 జనవరి నాటికి ఈ షరతు ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాలు రెండు... మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు రుణానికి దారి దొరికింది. వెనువెంటనే తెలంగాణ కూడా ఆ జాబితాలో చేరింది. కనీస రేట్లు ప్రకటించకపోతే పట్టణాలకు గ్రాంట్లు రావని 15వ ఆర్థిక సంఘం మరో ముడి వేసింది. మొత్తానికి వార్డులో నాలుగు గదుల ఇంటి పన్నుకు, రాష్ట్రం చేసే అప్పుకు లంకె పడింది. ఇంటి పన్ను చీటీ మీద ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు.

విలువ లెక్క

2020 చివర్లో ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించి కొత్త నిబంధనలు తెచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. అద్దె లెక్క పోయి ‘మూలధన విలువ’ లెక్క వచ్చింది. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ, దాని మీద కట్టడం విలువ... రెండూ కలిపి అందులో ఇంత శాతం పన్ను. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఇళ్లు కాని వాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య ఎక్కడైనా ఆగే స్వేచ్ఛ పురపాలికది.

పైన చెప్పుకున్న వంద చదరపు మీటర్ల ఇంటినే మళ్లీ తీసుకుందాం. స్థలం, కట్టడం కలిపి విలువ 20 లక్షలు అనుకుంటే, 0.10 శాతం చొప్పున పన్ను 2 వేలు. 0.15 అయితే 3 వేలు. గరిష్ఠంగా 0.50 వేస్తే 10 వేలు! కౌన్సిల్ సమావేశంలో ఎజెండా కాగితం మీద 0.12, 0.15 అని చూస్తే తేడా చీమంత అనిపిస్తుంది. ఈ ఇంటికి అది ఏడాదికి ఆరు వందల రూపాయలు. ఊళ్లో ఇలాంటి ఇళ్లు 20 వేలు ఉంటే కోటీ ఇరవై లక్షలు. దశాంశ బిందువు పక్కన ఉన్న ఆ రెండో అంకె మీదే ఎన్ని వీధులకు కాలువలు, ఎంతమంది పారిశుధ్య కార్మికులకు జీతాలు అన్నది ఆధారపడి ఉంటుంది. కౌన్సిలర్‌ను నిలదీయాల్సింది ఆ అంకె దగ్గరే.

ఒకేసారి అంత పెంచితే జనం ఊరుకోరని ప్రభుత్వానికీ తెలుసు. అందుకే పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని నిబంధన పెట్టారు. వినడానికి ఊరటగా ఉంది. లెక్క వేసి చూస్తే? పాత పన్ను 1,800, కొత్త లెక్క ప్రకారం చేరాల్సింది 3 వేలు అనుకోండి. మొదటి ఏడాది 2,070. రెండో ఏడాది 2,380. మూడో ఏడాది 2,737. నాలుగో ఏడాదికి 3 వేలు. 15 శాతం అన్నది గోడ అనుకున్నారు చాలామంది. నిజానికది మెట్టు. చేరాల్సిన మొత్తం వచ్చేదాకా ఏటా ఒక మెట్టు ఎక్కాల్సిందే. ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే అయిదేళ్లలో ఏ మొత్తమైనా రెట్టింపు అవుతుంది. 2021లో కొత్తగా ఎన్నికైన కౌన్సిళ్ల ముందుకు ఈ తీర్మానాలు వచ్చినప్పుడు పలు పట్టణాల్లో గొడవలు జరగడానికి కారణం ఇదే. అదే ఏడాది చెత్త సేకరణకు విడిగా రుసుము కూడా మొదలవడంతో జనం రెండింటినీ కలిపి తిట్టుకున్నారు. ఆ చెత్త పన్నును 2024లో రద్దు చేశారు.

విలువ లెక్కను సమర్థించేవాళ్ల వాదనలో పస ఉంది. బైపాస్ పక్క మేడకూ, పాత బజారు పెంకుటింటికీ మధ్య పాత అన్యాయం సరిదిద్దడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. రిజిస్ట్రేషన్ విలువ అందరికీ తెలిసిన అంకె. బిల్ కలెక్టర్ ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది.

మరోవైపు ఇంకో ఇల్లు ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకున్న ఉపాధ్యాయుడు. ఇప్పుడు రిటైరయ్యారు. ఊరు పెరిగి ఆ ఇల్లు సెంటర్లోకి వచ్చింది. స్థలం విలువ పది రెట్లయింది. పింఛను కాలేదు. ఆయన ఆ ఇల్లు అమ్మబోవడం లేదు, అద్దెకూ ఇవ్వడం లేదు. కాగితం మీద పెరిగిన సంపదకు జేబులోంచి పన్ను కట్టాలి. అద్దె లెక్కలో సొంత కాపురానికి 40 శాతం తగ్గింపు ఇలాంటివాళ్ల కోసమే ఉండేది. రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడల్లా పన్ను పునాది కూడా కదులుతుంది. ఇక అద్దె ఇళ్లవాళ్ల సంగతి తెలిసిందే. పన్ను చీటీ యజమాని పేరున వస్తుంది, భారం మరుసటి నెల అద్దెలో కలుస్తుంది.

ఎవరికి వదిలేస్తారు?

ఏ ఊళ్లోనైనా వీధి అరుగు మీద వినిపించే మాట ఒకటుంది. ‘కట్టేవాళ్లం మేమే కట్టాలి, ఆ పెద్ద బిల్డింగులకు ఏమీ ఉండదు’ అని. అందులో సగం నిజం, సగం అపోహ.

చట్టమే కొన్నింటికి పూర్తిగా మినహాయింపు ఇచ్చింది. గుళ్లు, మసీదులు, చర్చిల వంటి ప్రార్థనా స్థలాలు, అద్దె తీసుకోని సత్రాలు, అద్దె తీసుకున్నా దాన్ని ధర్మానికే ఖర్చు పెట్టే సత్రాలు, ధర్మాసుపత్రులు, అనాథలకు, మూగజీవాలకు ఆశ్రయమిచ్చే చోట్లు, అందరికీ తెరిచి ఉండే గ్రంథాలయాలు, ఆటస్థలాలు, రక్షిత కట్టడాలు, శ్మశానాలు... గుర్తింపు పొందిన విద్యాసంస్థలకూ చట్టంలో చోటుంది. అయితే మినహాయింపు బోర్డుకు కాదు, వాడకానికి. గుడికి పన్ను లేదు. గుడి ప్రహరీకి ఆనించి కట్టి అద్దెకిచ్చిన కొబ్బరికాయల కొట్టుకు, సెల్‌ఫోన్ దుకాణానికి ఉంది. సత్రం పేరుతో పెళ్లిళ్లకు అద్దెకిచ్చి లాభాలు తీసుకుంటే మినహాయింపు నిలవదు. అద్దె భవనంలో నడిచే సంస్థ ఎంత మంచిదైనా, అద్దె పుచ్చుకునే యజమాని పన్ను కట్టాల్సిందే. తగాదాలన్నీ ఇక్కడే వస్తాయి. ఎక్కడ సేవ ఆగి ఎక్కడ వ్యాపారం మొదలైందో కొలిచే టేపు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉండదు మరి!

కేంద్ర ప్రభుత్వ ఆస్తులది ఇంకో దారి. రైల్వే స్టేషను, పోస్టాఫీసు వంటి వాటి మీద పన్ను వేయడానికి రాజ్యాంగంలోని 285వ అధికరణ ఒప్పుకోదు. కానీ వాటి ముందు రోడ్డు ఊడ్చేదీ, దీపం పెట్టేదీ మునిసిపాలిటీయే కదా? రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు దీనికో రాజీ కుదిరింది. పన్ను పేరుతో కాకుండా సర్వీస్ ఛార్జీ పేరుతో, అందుకుంటున్న సేవలను బట్టి పన్నులో 75 శాతమో, సగమో, మూడో వంతో చెల్లించాలన్నది ఆ ఏర్పాటు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఆ కవచం లేదు. అయినా పాత బకాయిల జాబితా తీస్తే పెద్ద అంకెల పక్కన కనిపించేవి తరచూ ప్రభుత్వ ఆఫీసులే. సామాన్యుడి ఇంటికి నల్లా కనెక్షన్ కట్ చేస్తామని వచ్చే సిబ్బంది ఆ ఆఫీసుల దగ్గరకు వెళ్లి ఏం చేయగలరు?

పేదల ఇళ్లకు ఇచ్చే ఊరట రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ కొత్త నిబంధనల్లో 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే కాపురముంటే ఏడాదికి 50 రూపాయలతో సరి. తెలంగాణ 2019 పురపాలక చట్టంలో 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు వరకు కట్టుకున్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలు. హైదరాబాద్‌లో ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్లకు 101 రూపాయలు చేస్తూ 2015లో నిర్ణయం తీసుకున్నారు. ఎన్నికల ముంగిట వచ్చిన నిర్ణయం అన్నది వేరే సంగతి.

మంచిదే. అయితే ఇలాంటి గీతలన్నింటికీ ఒక ఇబ్బంది ఉంటుంది. 375 అడుగుల ఇంటికి యాభై రూపాయలు. వంటగది పక్కన చిన్న వసారా దించి 390 అడుగులైతే మామూలు లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ యాభై రూపాయల ఇంట్లో అద్దెకుండే రిక్షా కార్మికుడి కుటుంబానికీ ఊరట లేదు. పైగా ఇలా మినహాయించిన ప్రతి రూపాయి ఊరి ఖర్చులోంచి మాయం కాదు. మిగిలినవాళ్ల మీదో, లేదా వేయని రోడ్డు మీదో పడుతుంది. మినహాయింపు ప్రకటించేది రాష్ట్రమైతే, ఆ లోటు పూడ్చుకోవాల్సింది మునిసిపాలిటీ. ఇచ్చే పేరు ఒకరికి, పడే తిట్లు ఇంకొకరికి!

చీటీ తప్పుగా వస్తే...

రేటు మీద మనకు ఒక్క ఓటే ఉండొచ్చు. కొలత మీద మాత్రం పూర్తి హక్కు ఉంది. పన్ను ఎక్కువైందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం రేటు కాదు, తప్పుడు కొలత. ప్లింత్ ఏరియా ఎక్కువ రాయడం, పై అంతస్తులో రేకుల షెడ్డును స్లాబుగా వేయడం, ఇంటిని దుకాణం ఖాతాలో చేర్చడం... అందుకే చీటీ రాగానే మొత్తం కాదు, ముందు చూడాల్సింది అసెస్‌మెంట్ వివరాలు. కొత్తగా పన్ను వేసినా, పెంచినా ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. దాంట్లో చెప్పిన గడువులోగా కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. బిల్ కలెక్టర్‌తో గుమ్మం దగ్గర పెట్టుకునే వాదనకు విలువ లేదు. కాగితానికి ఉంది. రసీదు తీసుకోవడం మర్చిపోకూడదు.

తెలంగాణలో లెక్క యజమానే స్వయంగా ప్రకటించే పద్ధతి 2019 చట్టంతో వచ్చింది. నమ్మకం మీద నడిచే పద్ధతి అన్నమాట. తప్పుడు వివరాలిచ్చి దొరికిపోతే మాత్రం పన్నుకు 25 రెట్లు జరిమానా. ఇక రెండు రాష్ట్రాల్లోనూ అనుమతి లేకుండా లేపిన అంతస్తుకు మామూలు పన్ను మీద మరో నూరు శాతం వడ్డిస్తారు. అది కడుతున్నాం కాబట్టి కట్టడం సక్రమమైపోయినట్టేనని కొందరి ధీమా. కానేకాదు. పన్ను వేరు, అనుమతి వేరు. అలాగే పన్ను రసీదు మన పేరున ఉన్నంత మాత్రాన ఆస్తి మనదైపోదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి.

పన్ను కట్టేది రెండు విడతలుగా. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మొదటిదానికి జూన్ ఆఖరు, రెండోదానికి డిసెంబరు ఆఖరు గడువు. దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాదికి 24 శాతం అన్నమాట... బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు కూడా ఇంతకంటే చవక! ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తూ వచ్చారు. మరోవైపు మొండి బకాయిదార్లకు వడ్డీలో భారీ మాఫీలూ ప్రకటిస్తుంటారు. హైదరాబాద్‌లో 2020లో, 2022లో బకాయిల వడ్డీ 90 శాతం మాఫీ చేశారు. ఏటా ఏప్రిల్‌లో క్యూలో నిలబడి కట్టినవారికి అయిదు శాతం, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవారికి తొంభై! మాఫీ వస్తుందిలే అని కాచుక్కూర్చునే అలవాటు జనానికి నేర్పింది ఎవరు?

ఇల్లు ఖాళీగా ఉండిపోతే పన్నులో కొంత తగ్గింపు అడిగే వీలు కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. వేకెన్సీ రెమిషన్ అంటారు. ఖాళీ అయినప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి, ఏడాది తర్వాత గుర్తొస్తే కుదరదు. ఇల్లు కట్టని ఖాళీ స్థలానికీ పన్ను ఉంటుందన్న సంగతి మాత్రం చాలామందికి ప్లాను అనుమతికి వెళ్లినప్పుడే తెలుస్తుంది. అన్నేళ్ల బకాయి కట్టి రండి అంటారు.

చీటీలో చివరగా ఓ చిన్న అంకె ఉంటుంది. గ్రంథాలయ పన్ను. ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసేది. అది మునిసిపాలిటీ డబ్బు కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మనం 1,800 కడితే 144 రూపాయలు పుస్తకాలకు వెళ్లాలన్నమాట. ఊరంతా కలిపి చూస్తే చిన్న మొత్తమేం కాదు. వసూలు చేసి కూడా తమకు సకాలంలో ఇవ్వడం లేదన్నది గ్రంథాలయ సంస్థల పాత ఫిర్యాదు. ఈసారి వార్డు కౌన్సిలర్ ఎదురుపడితే ఇంటి పన్నుతో పాటు ఆ 144 రూపాయలు ఎక్కడిదాకా వెళ్లాయో కూడా అడగొచ్చు.